యూల్ ఫైలు కంపైల్ అవుతోంది, డిప్లాయ్ కూడా అవుతోంది, కానీ కాంట్రాక్టు అడ్రసులో కోడ్ లేదు

గచ్చిబౌలి_గ్యాస్:

అందరికీ నమస్కారం. సాలిడిటీ (ఇథీరియం కాంట్రాక్టులు మామూలుగా రాసే భాష) లేకుండా నేరుగా యూల్‌లో (దానికంటే కింది స్థాయి భాష) ఒక చిన్న కాంట్రాక్టు రాస్తున్నాను. హాస్టల్ మెస్ కూపన్ల లెక్క. వార్డెన్ నెలకు ఒక్కొక్కరికి 60 కూపన్లు వేస్తారు, భోజనానికి ఒకటి చొప్పున తగ్గాలి, ఎన్ని మిగిలాయో అడిగితే చెప్పాలి. ఇష్యూ, యూజ్, బ్యాలెన్స్ అని మూడే ఫంక్షన్లు. ఆదివారం మాదాపూర్‌లో మా స్టడీ గ్రూపులో దీన్నే లైను లైనుగా విప్పి చూపించాలి. కమాండ్లు, కోడ్ ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, టెర్మినల్లో మామూలుగానే కొడుతున్నాను.

ఉబుంటు, సోల్క్ (సాలిడిటీ, యూల్ కంపైలర్) 0.8.30, ఫౌండ్రీ (యాన్‌విల్, కాస్ట్ ఉన్న టూల్‌కిట్) ఉన్నాయి. కంపైల్ చేసిన తీరు:

సోల్క్ --స్ట్రిక్ట్-అసెంబ్లీ --బిన్ మెస్.యూల్

ఒక్క ఎర్రర్ లేదు. వచ్చిన బైట్‌కోడ్‌ని యాన్‌విల్ (నా సిస్టంలోనే నడిచే టెస్ట్ చైన్) మీద కాస్ట్ సెండ్‌తో పంపితే స్టేటస్ 1 (అంటే సక్సెస్), కాంట్రాక్టు అడ్రస్ కూడా వచ్చింది. కానీ ఆ అడ్రసులో ఉన్న కోడ్ చూపించే కాస్ట్ కోడ్ కొడితే ఉత్త 0ఎక్స్ తప్ప ఏమీ లేదు. ఇంకా విచిత్రం, ఆ అడ్రసుకి ఇష్యూ పంపినా స్టేటస్ 1 అనే వస్తోంది. ఏదీ ఫెయిల్ కావట్లేదు, ఏదీ పని చేయట్లేదు.

ఫైల్లో ఉన్నది ఒకే కోడ్ బ్లాక్. దాని లోపల ఒక స్విచ్, స్విచ్‌లో కాల్‌డేటాలోడ్(0), మూడు కేసులు. డిఫాల్ట్ లేదు. ఓనర్ (వార్డెన్) అడ్రస్ స్టోరేజ్ స్లాట్ 0లో, అంటే కాంట్రాక్టు శాశ్వతంగా దాచుకునే గళ్లలో మొదటి దాంట్లో పెట్టాను. ఎవరి కూపన్లు వాళ్ల అడ్రసునే స్లాట్ నంబరుగా వాడి దాచాను. బ్యాలెన్స్ కేసులో చివరి లైను రిటర్న్(ఎస్‌లోడ్(అడ్రస్), 32).

ఎక్కడ తప్పుతున్నానో చెప్పగలరా?

హెక్స్_హైదరాబాదీ:

కంపైలర్ తప్పేం లేదు తమ్ముడూ. నువ్వు ఇచ్చిందే అది బైట్లుగా మార్చింది. సాలిడిటీలో కంపైలర్ చాటుగా చేసి పెట్టే ఒక పని యూల్‌లో మనమే చేయాలి, అది నీ ఫైల్లో లేదు.

డిప్లాయ్ ట్రాన్సాక్షన్‌లో పంపే బైట్లు కాంట్రాక్టు కోడ్ కాదు. అది ఇనిట్‌కోడ్. ఈవీఎం (కాంట్రాక్టు కోడ్ నడిపే ఇథీరియం యంత్రం) దాన్ని ఒక్కసారి నడుపుతుంది, నడిచి చివర్లో రిటర్న్ ఇచ్చిన బైట్లనే ఆ అడ్రసులో శాశ్వతంగా రాస్తుంది. నీ ఫైల్లో ఉన్న స్విచ్ మొత్తం ఇనిట్‌కోడ్ అయిపోయింది. డిప్లాయ్ సమయంలో కాల్‌డేటా (కాల్‌తో పాటు వచ్చే ఇన్‌పుట్ బైట్లు) ఖాళీ, కాబట్టి కాల్‌డేటాలోడ్(0) సున్నా ఇస్తుంది. ఏ కేసూ కలవలేదు, డిఫాల్ట్ లేదు, కోడ్ చివరికి జారి స్టాప్ అయింది. స్టాప్ అంటే విజయమే, కాకపోతే తిరిగి ఇచ్చింది సున్నా బైట్లు. అందుకే స్టేటస్ 1, కోడ్ ఖాళీ. కోడ్ లేని అడ్రసుకి కాల్ పంపితే అది మామూలు ఖాతాకి పంపినట్టే, ఎప్పుడూ సక్సెసే. నీ ఇష్యూ ట్రాన్సాక్షన్ గ్యాస్ (చేసిన పనికి పడే ఖర్చు లెక్క) చూడు: 21,000, దాని మీద కాల్‌డేటా ఖర్చు, అంతే ఉంటుంది. ఒక్క ఆప్‌కోడ్ (ఈవీఎం ఆదేశం) కూడా నడవలేదన్న మాట.

ఫైలు ఆకారం ఇలా మార్చు. బయట ఆబ్జెక్ట్ "మెస్". దాని లోపల ముందు ఒక కోడ్ బ్లాక్, అందులో రెండే లైన్లు:

డేటాకాపీ(0, డేటాఆఫ్‌సెట్("రన్‌టైమ్"), డేటాసైజ్("రన్‌టైమ్"))
రిటర్న్(0, డేటాసైజ్("రన్‌టైమ్"))

ఆ బ్లాక్ మూసేశాక, అదే బయటి ఆబ్జెక్ట్ లోపల ఆబ్జెక్ట్ "రన్‌టైమ్", దానికి సొంత కోడ్ బ్లాక్, నీ స్విచ్ అక్కడికి పోవాలి.

కంపైల్ అయ్యాక బైట్లు కంటితో చూడు. ఇనిట్‌కోడ్ ఎఫ్3 తో, అంటే రిటర్న్‌తో ముగుస్తుంది. దాని వెంటనే సోల్క్ ఒక ఎఫ్‌ఈ పెడుతుంది, అది చెల్లని ఆప్‌కోడ్, అడ్డుగోడలాంటిది. ఎఫ్‌ఈ తర్వాత మొదలయ్యేదే రన్‌టైమ్. డిప్లాయ్ చేశాక కాస్ట్ కోడ్ ఇచ్చేది ఆ ముక్కతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే ముందుకు పోకు.

ఇది సరిచేసినా నీ కాంట్రాక్టు ఇంకా పని చేయదు. స్విచ్‌లో కాల్‌డేటాలోడ్(0) అని నేరుగా పెట్టావు. అది 32 బైట్లు తెస్తుంది, ఏ ఫంక్షనో చెప్పే సెలెక్టర్ అందులో పైన ఉన్న 4 బైట్లు మాత్రమే. 32 బైట్ల సంఖ్యని 4 బైట్ల సంఖ్యతో పోలిస్తే ఎన్నటికీ సమానం కాదు. 28 బైట్లు, అంటే 224 బిట్లు కుడికి జరపాలి:

స్విచ్ ఎస్‌హెచ్‌ఆర్(224, కాల్‌డేటాలోడ్(0))

డిఫాల్ట్‌లో రివర్ట్(0, 0), అంటే చేసిందంతా రద్దు చేసి ఫెయిల్ చేసే ఆదేశం, తప్పనిసరిగా పెట్టు. అది ఉండి ఉంటే డిప్లాయ్ దగ్గరే ట్రాన్సాక్షన్ ఫెయిలయ్యేది, నీకు సమస్య మొదటి నిమిషంలోనే తెలిసేది. ఈ స్థాయిలో రాసేటప్పుడు కోడ్ చివరికి జారిపోయే దారి ఒక్కటి కూడా మిగలకూడదని నా గట్టి అభిప్రాయం.

సెలెక్టర్లు చేత్తో లెక్కపెట్టకు. కాస్ట్ సిగ్‌కి ఫంక్షన్ సంతకం ఇస్తే అదే చెబుతుంది. సంతకంలో ఖాళీలు ఉండకూడదు, పారామీటర్ల పేర్లు ఉండకూడదు, యూఇంట్256 అని పూర్తిగా రాయాలి.

నల్లకుంట_నోడ్:

పైన చెప్పింది కరెక్టే. కానీ నాకు అంతకన్నా పెద్ద గుబులు ఆ స్టోరేజ్ పద్ధతి మీద ఉంది. ఓనర్ స్లాట్ 0ల, కూపన్లు అడ్రసే స్లాట్ నంబరుగ అన్నవ్ కదా. సున్నా అడ్రస్ స్లాట్ ఏది? అది కూడా 0నే. ఎవడైనా యూజ్ ఫంక్షన్‌కి సున్నా అడ్రస్ ఇచ్చి పిలిస్తే ఏమైతదో చూడు. స్లాట్ 0ల ఓనర్ అడ్రస్ ఉంటది, సంఖ్యగ చూస్తే అది చాలా పెద్దది, కాబట్టి కూపన్లు ఉన్నయా అన్న చెక్ పాసైతది. దాంట్లకెల్లి ఒకటి తీసేసి మళ్ల రాస్తది. ఓనర్ అడ్రస్ ఒక అంకె మారిపాయె. ఇగ వార్డెన్‌కి ఎన్నడూ కూపన్ వేసే హక్కు లేదు. ఒక్క కాల్‌తోటి కాంట్రాక్ట్ చచ్చిపోతది, సోల్క్ నుంచి ఒక్క వార్నింగ్ రాదు.

మ్యాపింగ్‌కి (అడ్రస్ ఇస్తే విలువ ఇచ్చే పట్టికకి) సాలిడిటీ వాడే పద్ధతే వాడు. ఎంస్టోర్(0, అడ్రస్), ఎంస్టోర్(32, 1), ఆ మీద కెచాక్256(0, 64) అనే హాష్. వచ్చిందే స్లాట్. ఆ 1 అనేది మ్యాపింగ్ నంబరు, రేపు రెండో మ్యాపింగ్ వస్తే 2 అయితది. ఖర్చు భయం వద్దు, కెచాక్‌కి 30 గ్యాస్, 32 బైట్లకు 6 చొప్పున ఇంకో 12. మొత్తం 42.

యూజ్ ఫంక్షన్‌కి అసలు అడ్రస్ ఆర్గ్యుమెంట్ ఎందుకు? ఎవరైనా ఎవరి కూపనైనా తగ్గించొచ్చు ఇప్పుడు. తీసేసి, పిలిచినోడి అడ్రస్ ఇచ్చే కాలర్() వాడు.

తీసివేత ముందు చెక్ ఉందో లేదో నువ్వు రాయలేదు. యూల్‌ల సబ్ అంటే ఈవీఎం సబ్, ఓవర్‌ఫ్లో కాపలా ఉండదు. సాలిడిటీల 0.8 నుంచి ఉన్న ఆ రక్షణ ఇక్కడ లేదు. సున్నా నుంచి ఒకటి తీస్తే 2 ఘాతం 256 మైనస్ 1 వస్తది, 78 అంకెల సంఖ్య. కూపన్లు అయిపోయినోడు ఒక్కసారి యూజ్ కొడితే జీవితాంతం తినొచ్చు. ఇఫ్ ఈజ్‌జీరో(బ్యాలెన్స్) అయితే రివర్ట్, అది ముందు రాయి, తర్వాతే సబ్.

రిటర్న్ లైన్ కూడా తప్పు. రిటర్న్‌కి మొదటి ఆర్గ్యుమెంట్ విలువ కాదు, మెమరీల ఎక్కడ్నుంచి అన్నది. బ్యాలెన్స్ 60 ఉంటే మెమరీల 60వ బైట్ నుంచి 91 దాకా తిరిగిస్తది, అక్కడ ఏదుంటే అది. ముందు ఎంస్టోర్(0, విలువ), తర్వాత రిటర్న్(0, 32).

గచ్చిబౌలి_గ్యాస్:

అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. ఆబ్జెక్ట్ పద్ధతి, షిఫ్ట్, డిఫాల్ట్ రివర్ట్, మ్యాపింగ్ అన్నీ మార్చాను. యాన్‌విల్‌లో కోడ్ కనిపిస్తోంది, 60 వేసి ఒకటి వాడితే 59 చూపిస్తోంది. సున్నా అడ్రస్ సంగతి పాత కోడ్ మీద ప్రయత్నించి చూశాను, మీరన్నట్టే ఓనర్ మారిపోయాడు.

ఇప్పుడు అదే బైట్‌కోడ్ ల్యాబ్‌లో నడిచే ఒక ప్రైవేట్ చైన్ మీద వేస్తే ఇన్‌వాలిడ్ ఆప్‌కోడ్ అని ఫెయిలవుతోంది, ఇచ్చిన గ్యాస్ అంతా పోతోంది. యాన్‌విల్‌లో ఎందుకు వెళ్లింది, ఇక్కడ ఎందుకు వెళ్లట్లేదు?

మియాపూర్_మెమరీ:

పుష్0 అయి ఉంటుంది. ఆ చైన్ జెనెసిస్ ఫైల్లో (చైన్ మొదలుపెట్టే సెట్టింగుల ఫైలు) ఏ ఫోర్క్ (ఇథీరియం అప్‌గ్రేడ్) వరకు ఆన్ చేశారో అడిగి తెలుసుకోండి.

పుష్0 అంటే స్టాక్ మీద సున్నా పెట్టే 5ఎఫ్ అనే ఆప్‌కోడ్. ఇథీరియం మెయిన్‌నెట్‌లో 2023 ఏప్రిల్ 12న షాంఘై అప్‌గ్రేడ్‌తో వచ్చింది. సోల్క్ 0.8.20 నుంచి డిఫాల్ట్ లక్ష్యం షాంఘై అయింది, 0.8.25తో కాన్‌కన్, మీ దగ్గరున్న 0.8.30తో ప్రేగ్. మీరు ఏమీ చెప్పకపోతే కంపైలర్ సున్నా అవసరమైన ప్రతిచోటా 5ఎఫ్ పెడుతుంది. ఇనిట్‌కోడ్‌లోనే డేటాకాపీకి సున్నా కావాలి కాబట్టి పాత చైన్ అక్కడే ఆగిపోతుంది. చెల్లని ఆప్‌కోడ్ తగిలితే రివర్ట్‌లా మిగిలిన గ్యాస్ వెనక్కి రాదు, మొత్తం పోతుంది.

చైన్ లండన్ (షాంఘై కంటే ముందు వచ్చిన అప్‌గ్రేడ్) వరకే ఉంటే:

సోల్క్ --స్ట్రిక్ట్-అసెంబ్లీ --ఆప్టిమైజ్ --ఈవీఎం-వెర్షన్ లండన్ --బిన్ మెస్.యూల్

ఇప్పుడు సున్నాకి 60 00 అని రెండు బైట్లు వస్తాయి. ఆ ఆప్షన్ పెడితే కంపైలర్ ఇంకో మేలు కూడా చేస్తుంది. కాన్‌కన్‌లో వచ్చిన ఎంకాపీ, టీస్టోర్ లాంటివి ఫైల్లో వాడి ఉంటే కంపైల్ దగ్గరే ఆపేస్తుంది.

బైట్‌కోడ్‌లో 5ఎఫ్ కోసం గ్రెప్ కొట్టి తేల్చుకోవద్దు. పుష్4, పుష్32 వెనకాల వచ్చే డేటాలో కూడా 5ఎఫ్ ఉండొచ్చు, అది ఆప్‌కోడ్ కాదు. కాస్ట్ డిస్‌అసెంబుల్‌కి ఇచ్చి, వచ్చిన జాబితాలో పుష్0 అన్న పేరు వెతకండి.

ఇంకో మాట. మీ గ్రూపులో ఎవరైనా సోల్క్‌ని ఎన్‌పీఎం నుంచి దించుకుంటే వచ్చేది సోల్క్‌జేఎస్. దాని ఆప్షన్లు వేరు, ఈ కమాండ్లు దానికి పనికిరావు. లినక్స్ అయితే సోల్క్ స్టాటిక్ బైనరీ దించి, సీహెచ్‌మాడ్‌తో నడిచే అనుమతి ఇచ్చి, అందరూ ఒకే వెర్షన్ పెట్టుకోండి. సోల్క్ --వెర్షన్ కొట్టి సరిచూసుకున్నాకే ఆదివారం మొదలుపెట్టండి. వెర్షన్ మారితే బైట్లు మారతాయి, ఒకరి తెరమీద కనిపించింది ఇంకొకరికి కనిపించదు.

గచ్చిబౌలి_గ్యాస్:

లండన్ పెట్టగానే వెళ్లిపోయింది. జెనెసిస్‌లో నిజంగానే లండన్ వరకే ఉంది.

ఇంకో రెండు సందేహాలు. ఒకటి, యూల్‌లో రాసినందుకు గ్యాస్ చాలా తగ్గుతుందనుకున్నాను, సాలిడిటీలో రాసిన ఇదే కాంట్రాక్టుతో పోలిస్తే తేడా కొంచెమే. రెండు, ఇంకా కిందికి దిగి హఫ్‌లో రాయడం ఇక్కడ అర్థవంతమేనా?

హెక్స్_హైదరాబాదీ:

గ్యాస్ ఎక్కడ పోతోందో అంకెల్లో చూడు. 60 నుంచి 59కి తగ్గించే యూజ్ కాల్ తీసుకుందాం. ట్రాన్సాక్షన్‌కి 21,000. సెలెక్టర్ 4 బైట్లు, సున్నా కాని బైట్‌కి 16 చొప్పున 64. ఆ స్లాట్‌ని మొదటిసారి ఎస్‌లోడ్ చేస్తే (చదివితే) 2,100. మళ్లీ అదే స్లాట్‌కి ఎస్‌స్టోర్ (రాయడం) 2,900. ఇక్కడికే 26,064. ఇందులో ఒక్క గ్యాస్ కూడా భాష మారిస్తే తగ్గదు. సెలెక్టర్ పోల్చి దూకడం ఒక్కో కేసుకి డప్ 3, పుష్ 3, ఈక్యూ 3, పుష్ 3, జంప్‌ఐ 10, మొత్తం 22. నువ్వు మిగిల్చుకోగలిగేది ఇలాంటి చిల్లర దగ్గరే. కొత్త విద్యార్థికి మొదటిసారి కూపన్ వేస్తే సున్నా స్లాట్ నిండుతుంది కాబట్టి 2,100 మీద ఇంకో 20,000. దాని ముందు ఈ 22లు ఏ మూలకి?

డిప్లాయ్ దగ్గర మాత్రం తేడా కనిపిస్తుంది. రన్‌టైమ్ కోడ్ బైట్‌కి 200 గ్యాస్. 400 బైట్లు తగ్గిస్తే 80,000 మిగులుతుంది.

నిజంగా తగ్గించదగ్గది ఓనర్ ఎస్‌లోడ్. ఇష్యూ పిలిచిన ప్రతిసారీ దానికి 2,100 పోతోంది. ఓనర్ మారడు కదా, స్టోరేజ్‌లో ఎందుకు? ఇమ్యూటబుల్ (డిప్లాయ్ తర్వాత మారని విలువ) చెయ్. ఇనిట్‌కోడ్‌లో సెట్‌ఇమ్యూటబుల్(0, "ఓనర్", కాలర్()), రన్‌టైమ్‌లో లోడ్‌ఇమ్యూటబుల్("ఓనర్"). అప్పుడు అడ్రస్ కోడ్‌లోనే పుష్32 వెనకాల కూర్చుంటుంది, చదవడానికి 3 గ్యాస్. నల్లకుంట అన్న చెప్పిన స్లాట్ 0 గొడవ కూడా దాంతో పూర్తిగా పోతుంది. ఒక జాగ్రత్త: డిప్లాయ్ వేరే ఫ్యాక్టరీ కాంట్రాక్టు ద్వారా జరిగితే కాలర్ ఆ ఫ్యాక్టరీ అవుతుంది, నీ ఖాతా కాదు.

నల్లకుంట_నోడ్:

హఫ్ సంగతి నేను చెప్త. అది అజ్‌టెక్ అనే ఇథీరియం ప్రాజెక్టు వాళ్లు ఎలిప్టిక్ కర్వ్ గణితం (క్రిప్టోగ్రఫీ లెక్కలు) కోసం తయారు చేసుకున్న భాష. లెక్కల పని ఎక్కువుండి, స్టోరేజ్ పని తక్కువున్న కాడ దానికి విలువ. కూపన్ల లెక్కకి అవసరం లేదు. కానీ నేర్చుకోనీకి మాత్రం మంచిగుంటది, స్టాక్ మీద ఏమున్నదో నీ తలల ఉంచుకోక తప్పదు.

హఫ్ కంపైలర్ హఫ్‌సీ కమాండ్‌ల -బీ కొడితే ఇనిట్‌కోడ్‌తో కలిపి వస్తది, -ఆర్ కొడితే ఉత్త రన్‌టైమ్. డిప్లాయ్‌కి -ఆర్ ముక్క పంపితే నీ మొదటి తప్పే మళ్ల చేసినట్టు. కన్‌స్ట్రక్టర్ మాక్రో (డిప్లాయ్ అప్పుడు నడిచే కోడ్ ముక్క) రాయకపోతే హఫ్ తనే చిన్న ఇనిట్‌కోడ్ ముందు పెడతది. రన్‌టైమ్ 255 బైట్ల లోపుంటే అది తొమ్మిదే బైట్లు:

60, పొడవు, 80, 60, 09, 3డీ, 39, 3డీ, ఎఫ్3

దీన్ని ఆదివారం బోర్డు మీద రాయి, ఇనిట్‌కోడ్ అంటే ఏందో అందరికీ అర్థమైతది. పొడవును స్టాక్ మీద పెట్టి, దానికి నకలు తీసి, రన్‌టైమ్ 9వ బైట్ నుంచి మొదలైతదని చెప్పి, 39తోటి మెమరీలకు కోడ్‌కాపీ చేసి, ఎఫ్3తోటి తిరిగిస్తుంది. 3డీ అంటే రిటర్న్‌డేటాసైజ్. అప్పటిదాకా ఏ కాల్ జరగలే కాబట్టి అది సున్నా. పుష్0 లేని చైన్ల మీద సున్నా తెచ్చుకునే చవక దారి అది, 2 గ్యాస్. పుష్1 అయితే 3.

హఫ్‌ల టేక్స్, రిటర్న్స్ అని మాక్రోకి రాసే అంకెల్ని కంపైలర్ సరిచూడదు. అవి చదివేటోడి కోసం రాసుకునే గుర్తులు. స్టాక్ ఒకటి తక్కువైతే నడిచేటప్పుడే తెలుస్తది. ఇంకోటి, మెయిన్ మాక్రోల సెలెక్టర్ పోలికలు అయినంక రివర్ట్ పెట్టకపోతే కింద మొదటి ఫంక్షన్ కోడ్‌లకే జారిపోతది. నీ కాంట్రాక్ట్‌ల అది ఇష్యూ అయితే తెలియని సెలెక్టర్ వచ్చిన ప్రతిసారీ ఇష్యూ నడుస్తది. హఫ్‌సీ రస్ట్ రూపం నిర్వహణ ఆగిపోయింది, కొత్తగ మొదలు పెడితే హఫ్-నియో చూడుర్రి.

గచ్చిబౌలి_గ్యాస్:

సెట్‌ఇమ్యూటబుల్ పెట్టాను. డిప్లాయ్ అవుతోంది, కానీ ఇష్యూ పిలిస్తే ఓనర్ ఖాతా నుంచి కూడా రివర్ట్ అవుతోంది. ఇనిట్‌కోడ్‌లో వరుస ఇది: సెట్‌ఇమ్యూటబుల్, డేటాకాపీ, రిటర్న్.

మియాపూర్_మెమరీ:

వరుస తిప్పండి. డేటాకాపీ ముందు, సెట్‌ఇమ్యూటబుల్ తర్వాత, రిటర్న్ చివర.

సెట్‌ఇమ్యూటబుల్ చేసే పని మెమరీలో ఉన్న రన్‌టైమ్ నకలులో ఆ ఖాళీ చోట విలువ రాయడమే. మీరు ముందే రాశారు, వెనకాలే వచ్చిన డేటాకాపీ దాని మీద సున్నాలు పరిచేసింది. ఓనర్ సున్నా అడ్రస్ అయ్యాడు, ఆ అడ్రస్ నుంచి ట్రాన్సాక్షన్ ఎవరూ పంపలేరు. కంపైలర్ ఇచ్చిన బైట్లలో 7ఎఫ్, దాని వెనకాల 64 సున్నాలు కనిపిస్తాయి, అదే ఖాళీ చోటు. డిప్లాయ్ తర్వాత కాస్ట్ కోడ్‌లో అదే చోట 24 సున్నాల తర్వాత మీ అడ్రస్ 40 అంకెల్లో ఉండాలి. రన్‌టైమ్ కలవాలని పైన చెప్పిన నియమానికి ఈ ఒక్క చోటే మినహాయింపు.

అలాగే ఇష్యూలో అడ్రస్ చదివాక ఇఫ్ ఎస్‌హెచ్‌ఆర్(160, అడ్రస్) అయితే రివర్ట్ పెట్టండి. అడ్రస్ 20 బైట్లే, పైనున్న 12 బైట్లలో ఎవరైనా చెత్త పెట్టి పంపితే కెచాక్ మారిపోయి కూపన్లు ఎవరూ చేరుకోలేని స్లాట్‌లో పడతాయి. కాల్‌డేటాసైజ్ 68 కంటే తక్కువైతే కూడా రివర్ట్: సెలెక్టర్ 4, ఆర్గ్యుమెంట్లు ఒక్కొక్కటి 32. లేకపోతే లేని ఆర్గ్యుమెంట్‌ని ఈవీఎం సున్నాగా చదువుతుంది. స్విచ్‌కి ముందే ఇఫ్ కాల్‌వాల్యూ() అయితే రివర్ట్ అని ఒక లైను వేయండి, ఎవరైనా పొరపాటున ఈథర్ పంపితే బయటికి తీసే ఫంక్షన్ మీ దగ్గర లేదు.

కాస్ట్ సెండ్‌లో ప్రైవేట్ కీ, ఆర్‌పీసీ అడ్రస్ లాంటివన్నీ --క్రియేట్ కంటే ముందు రాయాలి, తర్వాత రాస్తే తీసుకోదు. యాన్‌విల్ చూపించే పది ఖాతాల కీలు లోకమంతటికీ తెలిసినవే. ల్యాబ్ చైన్ మీద ఓనర్‌గా వాటిని వాడొద్దు, కొత్త కీ తయారు చేసుకోండి.

గచ్చిబౌలి_గ్యాస్:

వరుస మార్చగానే ఇష్యూ నడిచింది. కాస్ట్ కోడ్‌లో 7ఎఫ్ వెనకాల అడ్రస్ కనిపిస్తోంది, కాస్ట్ స్టోరేజ్‌తో స్లాట్ 0 చూస్తే సున్నా. సున్నా బ్యాలెన్స్‌తో యూజ్, 36 బైట్ల కాల్‌డేటాతో ఇష్యూ, ఈథర్ జతచేసిన కాల్, తెలియని సెలెక్టర్: నాలుగూ రివర్ట్ అవుతున్నాయి. తొమ్మిది బైట్ల ఇనిట్‌కోడ్‌ని ఆదివారం బోర్డు మీద రాస్తాను అన్నా.